మజిలీలు తరిగిన దారి: లండన్ నుంచి సిడ్నీకి

గ్లోబు మీద లండన్ దగ్గర దారం కొస ఆనించి, రెండో కొసను సిడ్నీ దాకా బిగించి లాగితే, ఆ దారం రష్యా, చైనాల మీదుగా పోయి ఆస్ట్రేలియా తూర్పు తీరం చేరుతుంది. నేల కొలతలో దాని పొడవు సుమారు 17,000 కిలోమీటర్లు. భూమి మీద ఏ రెండు ఊళ్ల మధ్యనైనా దగ్గరి దారి 20,000 కిలోమీటర్లకు మించదు కనుక, ఈ రెండు నగరాలూ దాదాపు ఒకదాని అరికాళ్ల కింద మరొకటి ఉన్నట్టే. ఆ దారం భారతదేశాన్ని ఎక్కడా తాకదు. అయినా విమానాలు వచ్చిన తొలి నలభై ఏళ్లలో లండన్ నుంచి సిడ్నీకి ఎగిరినవాళ్లలో చాలామంది కరాచీలోనో, అలహాబాద్‌లోనో, కలకత్తాలోనో దిగి, కాళ్లు సాగదీసుకుని, మళ్లీ ఎక్కినవాళ్లే. ఈ మార్గం చరిత్ర అంటే విమానాల వేగం పెరిగిన చరిత్ర అని సాధారణంగా అనుకుంటారు. వేగం పాత్ర లేకపోలేదు గానీ, ఇది ముఖ్యంగా మజిలీల చరిత్ర. కాశీ మజిలీ కథల్లో మాదిరి ఇక్కడా ఒక్కో మజిలీకి ఒక్కో కథ ఉంది.

విమానానికి ముందు ఈ దూరాన్ని రోజుల్లో కాదు, నెలల్లో కొలిచేవారు. బ్రిటన్ నుంచి ఖైదీలను ఎక్కించుకుని 1787 మే 13న పోర్ట్స్‌మత్ రేవు విడిచిన తొలి ఓడల దండు 1788 జనవరిలో ఆస్ట్రేలియా చేరింది. ఎనిమిది నెలలు పట్టింది. 19వ శతాబ్దం నడుమ వచ్చిన క్లిప్పర్ ఓడలు గాలి అనుకూలిస్తే మూడు నెలల్లోపే చేర్చేవి. 1869లో సూయజ్ కాలువ తెరుచుకున్నాక ఆవిరి ఓడల ప్రయాణం కొన్ని వారాలకు తగ్గింది. ఆ తర్వాత మనిషి కంటే మాట ముందు చేరడం మొదలైంది. బొంబాయి దాకా వచ్చిన తంతి, నేల మీది తీగ ద్వారా మద్రాసు చేరి, అక్కడి నుంచి సముద్రం అడుగున పినాంగ్, సింగపూర్, జావాల మీదుగా ఆస్ట్రేలియా ఉత్తర కొసనున్న డార్విన్‌కు పోయేది. 1872లో డార్విన్ నుంచి దక్షిణాన అడిలైడ్ దాకా ఎడారి మీదుగా స్తంభాలు పాతి తీగ లాగడంతో గొలుసు పూర్తయింది. లండన్‌లో పలికిన ధర కొన్ని గంటల్లోనే సిడ్నీ వర్తకుడికి తెలిసేది. సరుకూ మనిషీ ఉత్తరమూ మాత్రం మరో అరవై ఏళ్ల పాటు ఓడ వేగంతోనే నడిచాయి. ఆ అరవై ఏళ్ల తేడాను తీర్చడానికే విమానం వచ్చింది. అందుకే తొలినాళ్లలో దాని అసలు సరుకు ఉత్తరాల సంచులు, ప్రయాణికులు కారు.

1919లో ఆస్ట్రేలియా ప్రభుత్వం ఒక పందెం ప్రకటించింది. బ్రిటన్ నుంచి ఆస్ట్రేలియాకు 30 రోజుల్లోపు ఎగిరి వచ్చిన మొదటి ఆస్ట్రేలియన్లకు 10,000 పౌండ్లు. ఆరు జట్లు బయలుదేరాయి. దారిలో నలుగురు ప్రాణాలు పోగొట్టుకున్నారు. గమ్యం చేరినవి రెండే జట్లు. అందులో మొదటిది రాస్ స్మిత్, కీత్ స్మిత్ అనే అన్నదమ్ములది. వాళ్లతో పాటు బెన్నెట్, షియర్స్ అనే ఇద్దరు మెకానిక్కులు ఉన్నారు. విమానం వికర్స్ విమీ. మొదటి ప్రపంచ యుద్ధానికి బాంబులు మోయడానికి తయారైన రెండు రెక్కల అరల బండి. పైలట్ల తలల మీద కప్పు లేదు. దాని రిజిస్ట్రేషన్ అక్షరాలు జీ-ఈఏఓయూ. ఆ అయిదు అక్షరాలకు 'దేవుడే మనందరినీ కాపాడాలి' అని జట్టువాళ్లే సరదాగా అర్థం చెప్పుకున్నారు.

నవంబర్ 12న లండన్ పక్కన హౌన్స్‌లో నుంచి లేచిన విమీ రోమ్, కైరో, డమాస్కస్, బస్రా, బందర్ అబ్బాస్, కరాచీ, ఢిల్లీ, అలహాబాద్, కలకత్తా, అక్యాబ్, రంగూన్, సింగపూర్‌ల మీదుగా సాగింది. కలకత్తాలో దిగడానికి విమానాశ్రయం లేదు, గుర్రప్పందాల మైదానమే దిక్కు. అక్కడి నుంచి లేస్తుండగా గద్ద ఒకటి ప్రొపెల్లర్‌కు తగిలింది. త్రుటిలో చెట్లను తప్పించుకుని పైకి లేచారు. జావాలోని సురబయ దగ్గర మరో చిక్కు. పైకి గట్టిగా కనిపించిన నేల కింద బురద. చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి. చుట్టుపక్కల ఊళ్ల జనం తమ ఇళ్లలోని వెదురు చాపలు తెచ్చి వరసగా పరిచారు. చాప పక్కన చాప చేర్చి రన్‌వే కట్టారు. మొదటి ప్రయత్నంలో చాపలు ఎగిరిపోయి చక్రం మళ్లీ కూరుకుపోయింది. రెండోసారి చాపలను ఒకదానితో ఒకటి బిగించి కట్టాక విమానం లేచింది. డిసెంబర్ 10న డార్విన్‌లో దిగింది. పందెం గడువుకు ఇంకా రెండు రోజులుంది.

మొత్తం పట్టిన కాలం 27 రోజుల 20 గంటలు. అందులో గాలిలో ఉన్నది సుమారు 136 గంటలు మాత్రమే, అంటే అయిదో వంతు. మిగతా నాలుగు వంతులూ పెట్రోలు డబ్బాలు మోయడానికి, ఇంజన్లు విప్పి బిగించడానికి, రాత్రి గడవడానికి, వాన వెలిసేదాకా చూడటానికి, బురదలోంచి బయటపడటానికి పోయాయి. అదే పందెంలో రెండోదిగా చేరిన పారర్, మకింటాష్‌ల జట్టు 1920 జనవరిలో బయలుదేరి ఆగస్టులో డార్విన్ చేరింది. వాళ్లకు పట్టింది 206 రోజులు. వాళ్ల విమానం విమీ కంటే నెమ్మదైనది కాదు. అది దారిలో పదేపదే విరగడం, బాగు చేయించడానికి చేతిలో డబ్బు లేకపోవడం, ఆ డబ్బు కోసం మజిలీల్లో తిప్పలు పడటం, ఇవే ఆరు నెలలకు పైగా మింగేశాయి.

ఈ పందెం వల్ల ఒక కంపెనీ కూడా పుట్టింది. విమానాలు డార్విన్‌లో దిగాక ఆస్ట్రేలియా లోపలికి ఎలా పోవాలి, ఎక్కడెక్కడ చదునైన నేల ఉంది అని చూసి రావడానికి హడ్సన్ ఫిష్, పాల్ మెక్‌గిన్నెస్ అనే ఇద్దరు మాజీ సైనిక వైమానికులను పంపారు. వాళ్లు ఫోర్డ్ కారులో, బాటలు లేని క్వీన్స్‌ల్యాండ్ మారుమూలల గుండా, వాగులూ ఇసుకా దాటుకుంటూ వెళ్లారు. ఇలాంటి చోట కారు కాదు, విమానమే కావాలని వాళ్లకు దారిలోనే తట్టింది. మరుసటి ఏడు 1920 నవంబర్ 16న క్వాంటాస్ పుట్టింది. క్వీన్స్‌ల్యాండ్ అండ్ నార్తర్న్ టెరిటరీ ఏరియల్ సర్వీసెస్ అనే పొడుగాటి పేరులోని మొదటి అక్షరాల కూర్పు అది.

లండన్ వైపు నుంచి దారి ముక్కలు ముక్కలుగా పొడుగైంది. ఇరాక్ ఎడారిలో గుర్తులు లేని ఇసుక మీద పైలట్లు దారి తప్పేవారు. అందుకని 1921లో కైరో నుంచి బాగ్దాద్‌కు ఉత్తరాలు మోసిన బ్రిటిష్ వైమానిక దళం కోసం ఎడారిలో చక్రాల జాడలు వేశారు. జాడ నిలవని చోట ట్రాక్టరుతో నాగటి చాలు దున్నారు. పైలటు తల బయటపెట్టి, కింద కనిపించే చాలు వెంబడే పోవాలి. 1929 మార్చి 30న ఇంపీరియల్ ఎయిర్‌వేస్ లండన్ శివార్లలోని క్రోయిడన్ నుంచి కరాచీకి వారానికొక సర్వీసు మొదలుపెట్టింది. ప్రయాణం ఏడు రోజులు, టికెట్ 130 పౌండ్లు. విమాన ప్రయాణం అన్న మాటే గానీ, నడుమ రైలు కూడా ఎక్కాల్సి వచ్చేది. స్విట్జర్లాండ్‌లోని బాజెల్ దాకా విమానం, అక్కడి నుంచి ఇటలీలోని జెనోవాకు రైలు, జెనోవా నుంచి అలెగ్జాండ్రియాకు నీటి మీద వాలే ఫ్లయింగ్ బోటు, ఈజిప్టు నుంచి మళ్లీ చక్రాల విమానం. ఆల్ప్స్ కొండలు ఒక అడ్డం. తన గగనం మీదుగా పోనివ్వని ఇటలీ రెండో అడ్డం. కొండలను కొన్నాళ్లకు విమానం దాటింది గానీ అనుమతుల గొడవ ఈ మార్గాన్ని ఇప్పటికీ వదల్లేదు. 1932లో పర్షియా కూడా తన తీరం మీద దిగనివ్వనంది. దాంతో దారి గల్ఫ్‌కు ఆవలి ఒడ్డుకు మారింది. అప్పట్లో ముత్యాలు, చేపల మీద బతికే చిన్న ఊరు షార్జాలో ప్రయాణికుల కోసం కోటలాంటి విశ్రాంతి గృహం కట్టారు. గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి, కరీంనగర్ నుంచి లక్షలాది మంది గల్ఫ్ బాట పట్టడానికి నలభై ఏళ్ల ముందే లండన్ విమానం షార్జాలో రాత్రి బస చేసింది.

తెలుగు నేలకు ఈ మార్గంతో తొలి లంకె 1932లో పడింది. కరాచీలో దిగిన లండన్ టపాను దక్షిణాదికి చేర్చడానికి జె.ఆర్.డి. టాటా అక్టోబర్ 15న పుస్ మాత్ అనే చిన్న విమానం నడుపుకుంటూ కరాచీ నుంచి అహ్మదాబాద్ మీదుగా బొంబాయి వచ్చారు. అహ్మదాబాద్‌లో విమానానికి పెట్రోలు డబ్బాలు వచ్చింది ఎద్దుబండి మీద. బొంబాయి నుంచి నెవిల్ విన్సెంట్ ఆ సంచులను బళ్లారి మీదుగా మద్రాసుకు మోశాడు. బళ్లారి అప్పట్లో మద్రాసు ప్రెసిడెన్సీ జిల్లా, తెలుగూ కన్నడమూ కలగలిసిన ఊరు. అంతవరకూ లండన్ ఉత్తరం ఓడ దిగి, రైలెక్కి వచ్చేది. ఇప్పుడది ఆకాశం నుంచి దిగసాగింది. అసలు మార్గం మాత్రం ఉత్తరాదిలోనే సాగి, కరాచీ, ఢిల్లీల నుంచి 1933 నాటికి కలకత్తా, ఆపైన సింగపూర్ చేరింది.

ఈలోగా ఒంటరి సాహసికులు కాలాన్ని కోస్తూనే ఉన్నారు. 1928లో బెర్ట్ హింక్లర్ చిన్న విమానంలో ఒక్కడే పదిహేనున్నర రోజుల్లో డార్విన్ చేరాడు. 1930లో ఎమీ జాన్సన్ పంతొమ్మిదిన్నర రోజుల్లో చేరి, ఈ దారిని ఒంటరిగా ఎగిరిన మొదటి స్త్రీ అయింది. దారిలో పెట్రోలు చాలక ఝాన్సీలో సైనికుల కవాతు మైదానంలో దిగింది. అయితే మామూలు ప్రయాణికుడికి ఇక్కడ ఏదో సాధ్యమని రుజువు చేసింది 1934 అక్టోబర్‌లో జరిగిన మాక్‌రాబర్ట్‌సన్ పందెం. ఇంగ్లండ్‌లోని మిల్డెన్‌హాల్ నుంచి మెల్‌బోర్న్‌కు. తప్పనిసరిగా దిగాల్సిన చోట్లు అయిదు: బాగ్దాద్, అలహాబాద్, సింగపూర్, డార్విన్, చార్ల్‌విల్. పందెం కోసమే కట్టిన ఎర్రటి డీహెచ్ 88 కామెట్‌లో స్కాట్, కాంప్‌బెల్ బ్లాక్ 71 గంటల్లో గెలిచారు. పదిహేనేళ్ల కిందట 28 రోజులు పట్టిన దారి మూడు రోజులకు దిగింది.

కానీ విమానాల కంపెనీలు కళ్లు పెద్దవి చేసి చూసింది గెలిచిన కామెట్‌ను కాదు, రెండో స్థానంలో వచ్చిన డచ్చి కేఎల్ఎం వారి డీసీ-2ని. దాని పేరు ఆయివర్, అంటే కొంగ. అది పందెపు విమానం కానే కాదు. ముగ్గురు ప్రయాణికులనూ టపా సంచులనూ ఎక్కించుకుని, రోజువారీ సర్వీసులా బయలుదేరిన బండి. మెల్‌బోర్న్‌కు ఇంకాస్త దూరంలో అర్ధరాత్రి ఉరుముల వానలో దారి తప్పింది. కింద ఆల్బరీ అనే ఊరు. ఊరి కరెంటు ఇంజనీరు వీధి దీపాలన్నిటినీ ఒక్కసారిగా ఆర్పి వెలిగిస్తూ మోర్స్ భాషలో ఊరి పేరు ఆకాశానికి చెప్పాడు. రేడియో అనౌన్సరు, కార్లున్న వాళ్లంతా గుర్రప్పందాల మైదానానికి రండి అని పిలుపిచ్చాడు. వచ్చిన కార్లు వరసగా నిలబడి హెడ్‌లైట్లు వేశాయి. ఆ వెలుగులో కొంగ వాలింది. తెల్లవారాక ఊరివాళ్లు వందలాదిగా పోగై, తాళ్లు కట్టి బురదలోంచి లాగారు. బరువు తగ్గించడానికి ప్రయాణికులనూ కొంత సరుకునూ అక్కడే దింపి విమానం మెల్‌బోర్న్ చేరింది. సురబయ చాపలకూ ఆల్బరీ తాళ్లకూ మధ్య పదిహేనేళ్లు గడిచాయి, బురద మాత్రం మారలేదు. మొత్తం 90 గంటలు. జనాన్ని కూర్చోబెట్టుకుని నాలుగు రోజుల్లోపు పోవచ్చని తేలింది.

తేలింది గానీ టికెట్ కొన్నవాళ్లకు అది వెంటనే దక్కలేదు. 1935 ఏప్రిల్‌లో ఇంపీరియల్, క్వాంటాస్ కలిసి లండన్–బ్రిస్బేన్ ప్రయాణికుల సర్వీసు మొదలుపెట్టినప్పుడు టైమ్‌టేబుల్ ప్రకారం పట్టే కాలం పన్నెండున్నర రోజులు. చార్జీ 195 పౌండ్లు. పారిస్ నుంచి ఇటలీ దక్షిణ కొసనున్న బ్రిండిసి దాకా ఇంకా రైలే. రాత్రి ఎగరరు. సాయంత్రం కాగానే దిగి హోటలు చేరడం, తెల్లవారుజామున లేచి మళ్లీ బయలుదేరడం. ఎడ్లబండి ప్రయాణంలో పొద్దు గూకగానే సత్రం వెతుక్కున్నట్టే. విమానాలు గంటకు 160 కిలోమీటర్ల వేగంతో పోతున్నా, రోజులో ఎగిరే గంటలు తక్కువ. రోజంతటికీ సగటు చూస్తే ఆ వేగం ఒక మోస్తరు రైలు వేగమే.

1938 జులైలో చక్రాల విమానాల స్థానంలో ఫ్లయింగ్ బోట్లు వచ్చాయి. ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ నీటి మీద లేచి సిడ్నీలో రోజ్ బే నీటి మీద వాలేవి. రైలు మారాల్సిన అవసరం తప్పింది. ప్రయాణం తొమ్మిది పది రోజులకు తగ్గింది. కూర్చునేది పదిహేను మంది, నిలబడి కిటికీలోంచి చూడటానికి వేరే చోటు, భోజనానికి తెల్లటి గుడ్డలు పరిచిన బల్లలు. ఈ బోట్లు దిగడానికి నేల అక్కర్లేదు, నీళ్లుంటే చాలు. నీళ్లు కరువైన రాజస్థాన్‌లో ఎక్కడ దిగాలి? ఉదయపూర్ సంస్థానంలో రాజ్‌సమంద్ అనే చెరువుంది. 17వ శతాబ్దంలో మేవాడ్ రాణా రాజసింహుడు కరువుకాలంలో జనానికి పని చూపించడానికి తవ్వించింది. లండన్–సిడ్నీ విమానానికి అది మజిలీ అయింది. అటు తర్వాత గ్వాలియర్ సంస్థానంలో ఒక జలాశయం, అలహాబాద్‌లో యమున, కలకత్తాలో హుగ్లీ. కరువు పనుల కోసం తవ్విన చెరువు గట్టున సామ్రాజ్యపు టపా సంచులు దిగడం ఈ మార్గపు చరిత్రలోకెల్లా విచిత్రమైన దృశ్యం.

యుద్ధం ఈ వైభవాన్ని రెండేళ్లలో తుంచేసింది. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో మధ్యధరా సముద్రం మూసుకుపోయింది. 1942 ఫిబ్రవరిలో సింగపూర్ జపాన్ చేతికి చిక్కడంతో దారి రెండో చోట తెగింది. తెగిన ముక్కను అతకడానికి 1943 జులైలో క్వాంటాస్ ఒక సాహసానికి పూనుకుంది. ఆస్ట్రేలియా పడమటి తీరంలోని పెర్త్ నుంచి సింహళంలోని కొగ్గల సరస్సుకు, హిందూ మహాసముద్రం మీదుగా, నడుమ ఎక్కడా ఆగకుండా, సుమారు 5,600 కిలోమీటర్లు. వాడినవి కేటలీనా ఫ్లయింగ్ బోట్లు. గాలిని బట్టి 27 నుంచి 33 గంటలు పట్టేది. పెట్రోలు బరువు పోగా మిగిలే చోటు ముగ్గురు ప్రయాణికులకూ 69 కిలోల టపాకూ సరి. జపాన్ విమానాలు పసిగట్టకుండా రేడియో మూసి, చుక్కలను చూసుకుంటూ పోయేవారు. ఎక్కినవాళ్లు ఒకే ప్రయాణంలో రెండుసార్లు సూర్యోదయం చూసేవారు. అందుకే దానికి 'డబుల్ సన్‌రైజ్' అని పేరు, ఎక్కినవాళ్లకు ఆ పేరుతో ఒక యోగ్యతాపత్రం కూడా ఇచ్చేవారు. 1945 జులై దాకా 271 సార్లు దాటారు. గాలిలో అన్నేసి గంటలు మనుషులను కూర్చోబెట్టిన ఈ సర్వీసు వేగంలో 1938 నాటి బోట్ల కంటే వెనుకబడే ఉంది. కానీ మజిలీ లేకుండా పోవచ్చన్న ఆలోచనకు పునాది అదే.

యుద్ధం ముగుస్తుండగా ఒక తమాషా జరిగింది. 1945 మే నెలాఖరున లాంకాస్ట్రియన్ అనే, బాంబర్ నుంచి మార్చిన విమానం లండన్–సిడ్నీ నడవసాగింది. ప్రయాణికులు బస్సులో పక్కసీట్ల మాదిరి ఒకే వైపు ముఖం పెట్టి వరసగా కూర్చోవాలి, అక్కడే పడుకోవాలి. మజిలీల్లో సిబ్బంది మారేవారు, ప్రయాణికులు మారేవారు కాదు. సుమారు మూడు రోజుల్లో చేర్చేది. రెండేళ్ల తర్వాత, 1947 డిసెంబర్ 1న, క్వాంటాస్ తన సొంత సిబ్బందితో లండన్ దాకా నడిపిన లాక్‌హీడ్ కాన్‌స్టలేషన్ అంతకంటే ఎంతో మెరుగైన, లోపల గాలి ఒత్తిడి సమంగా ఉంచే విమానం. అయినా దానికి నాలుగు రోజులు పట్టింది. కారణం, టికెట్ కొన్నవాళ్లను సింగపూర్‌లోనూ కైరోలోనూ రాత్రి హోటల్లో నిద్రపుచ్చి తీసుకుపోవడమే. ఆ తొలి విమానంలో 29 మంది ప్రయాణికులు, 11 మంది సిబ్బంది. డార్విన్, సింగపూర్, కలకత్తా, కరాచీ, కైరో, ట్రిపోలీ మజిలీలు. రానూపోనూ చార్జీ 585 పౌండ్లు. ఇలా గెంతుకుంటూ పోయే దారి కనుక 'కంగారూ రూట్' అని పేరు పెట్టారు, ఆ పేరు మీద క్వాంటాస్ హక్కు కూడా పొందింది.

1959లో బోయింగ్ 707 వచ్చింది. ఇంజన్ ఆగేది ఇంధనానికే గానీ నిద్రకు కాదు. నాలుగు రోజులు ఒకటిన్నర రోజులోపుకు కుదించుకుపోయాయి. ఈ మార్గపు చరిత్రలో వేగం ఒక్కటే అంత పెద్ద మార్పు తెచ్చిన సందర్భం ఇదొక్కటే అనవచ్చు. ప్రొపెల్లర్ల రోజుల్లో గంటకు 500 కిలోమీటర్ల పైచిలుకు ఉన్నది 900కు చేరింది. అక్కడే ఆగింది కూడా. అరవై ఏళ్లు దాటినా ప్రయాణికుల విమానాలు దాదాపు అదే వేగంతో పోతున్నాయి. ధ్వని వేగానికి రెండింతలు పోగల కాంకార్డ్ 1985 ఫిబ్రవరిలో ప్రత్యేక ప్రయాణంగా లండన్ నుంచి సిడ్నీకి 17 గంటల 3 నిమిషాల్లో చేరింది. విమానం వేగం లెక్కన అది పదిగంటల లోపు పని. కాంకార్డ్ పొట్ట చిన్నది, దారిలో పదేపదే ఇంధనానికి దిగక తప్పలేదు. వేగం సంపాదించిన గంటలను మజిలీలు తినేశాయి.

నాలుగేళ్ల తర్వాత దీనికి ఎదురు సాక్ష్యం వచ్చింది. 1989 ఆగస్టు 16న 'సిటీ ఆఫ్ కాన్‌బెర్రా' అని పేరు పెట్టిన కొత్త బోయింగ్ 747-400, క్వాంటాస్ చేతికి అందీ అందగానే, హీత్రూ నుంచి సిడ్నీకి ఆగకుండా బయలుదేరింది. ఖాళీ సీట్లు, ఇరవై పైచిలుకు మనుషులు. మామూలు ఇంధనం కంటే చిక్కనిది ప్రత్యేకంగా తయారు చేయించారు. అదే ట్యాంకులో ఎక్కువ శక్తి పట్టాలని. రన్‌వే దాకా నడవడానికి కూడా ఇంధనం ఖర్చవకూడదని విమానాన్ని ట్రాక్టరుతో లాగించి తీసుకుపోయారు. 20 గంటల 9 నిమిషాల 5 సెకన్లలో 18,001 కిలోమీటర్లు ఎగిరి సిడ్నీలో దిగింది. కాంకార్డ్ కంటే సగం కూడా లేని వేగంతో, మూడు గంటలే ఆలస్యంగా. అయితే ప్రయాణికులూ సామానూ నింపితే అంత దూరం పోలేదు కనుక అది టైమ్‌టేబుల్లోకి ఎక్కలేదు. 2015లో ఆ విమానాన్ని సిడ్నీకి దక్షిణంగా ఉన్న ఇల్లవారా మ్యూజియానికి ఇచ్చారు. దాని ఆఖరి ప్రయాణం కొద్ది నిమిషాలదే.

747-400 రాకతో ఒక్క మజిలీ చాలన్న పద్ధతి స్థిరపడింది. డార్విన్, కలకత్తా, కరాచీ, కైరో ఒక్కొక్కటే జాబితాలోంచి జారిపోయాయి. కలకత్తా డమ్‌డమ్ ఒకప్పుడు యూరప్‌కూ ఆగ్నేయాసియాకూ మధ్య విమానాల కూడలి. దాని స్థానం తగ్గడానికి పలు కారణాలు చెబుతారు గానీ, జెట్ విమానాలకు అక్కడ ఇంధనం అవసరం తీరిపోవడం అన్నిటికంటే సాదా కారణం. మిగిలిన ఒక్క మజిలీ కోసం పోటీ మొదలైంది. చాలాకాలం అది సింగపూర్. 2013లో క్వాంటాస్ ఎమిరేట్స్‌తో పొత్తు కుదుర్చుకుని దుబాయ్‌కి మార్చింది, 2018లో తిరిగి సింగపూర్‌కు వచ్చింది. ఈ లెక్కన లండన్–సిడ్నీ ప్రయాణం ఇంధనం, సిబ్బంది మార్పు కలుపుకుని 22 నుంచి 24 గంటలు.

2018 మార్చి 24న పెర్త్ నుంచి లండన్‌కు బోయింగ్ 787-9తో ఆగకుండా పోయే సర్వీసు మొదలైంది. దూరం 14,498 కిలోమీటర్లు, కాలం పదిహేడు గంటల పైచిలుకు. ఆస్ట్రేలియాకూ యూరప్‌కూ మధ్య మజిలీ లేని మొదటి టైమ్‌టేబుల్ సర్వీసు ఇదే. ఈ దారిలో గాలి ఒకవైపే సాయం చేస్తుంది. ఎత్తులో పడమర నుంచి తూర్పుకు వీచే జెట్ స్ట్రీమ్ లండన్ నుంచి వచ్చే విమానాన్ని వెనక నుంచి నెడుతుంది, లండన్‌కు పోయేదాన్ని ఎదురు నిలిచి ఆపుతుంది. అనుమతుల చిక్కు దీనికి తోడైనప్పుడు ఏం జరుగుతుందో 2024 ఏప్రిల్‌లో కనిపించింది. పశ్చిమాసియా ఉద్రిక్తతల వల్ల ఇరాన్ చుట్టుపక్కల గగనాన్ని తప్పించి పోవాల్సి వచ్చి, పెర్త్ నుంచి లండన్ పోయే విమానం ఇంధనం కోసం సింగపూర్‌లో దిగింది. లండన్ నుంచి పెర్త్ వచ్చేది మాత్రం, వెనక గాలి పుణ్యమా అని, ఆగకుండానే వచ్చింది. పర్షియా తీరం మూసుకున్న 1932కూ 2024కూ మధ్య విమానాలు మారాయి, దేశాల సరిహద్దులు మాత్రం ఆకాశంలో ఇంకా గట్టిగానే ఉన్నాయి.

సిడ్నీ వరకు మజిలీ తీసేయడమే ఇక మిగిలింది. 2019 నవంబర్‌లో యాభై మంది వరకు మనుషులతో ఒక కొత్త 787-9 లండన్ నుంచి సిడ్నీకి 19 గంటల 19 నిమిషాల్లో, సుమారు 17,800 కిలోమీటర్లు ఆగకుండా ఎగిరింది. పైలట్ల మెదడు తరంగాలనూ మెలకువనూ, ప్రయాణికుల నిద్రనూ తిండినీ కొలిచారు. ఇంధనం సంగతి తేలిపోయింది, ఇప్పుడు కొలవాల్సింది మనిషి ఓపిక. 2022 మేలో క్వాంటాస్ 12 ఎయిర్‌బస్ ఏ350-1000 విమానాలకు ఆర్డరిచ్చింది. అదనంగా 20,000 లీటర్లు పట్టే ట్యాంకు పెట్టి, సీట్లను 238కి తగ్గించి, నడుమ లేచి ఒళ్లు విరుచుకోవడానికి చోటు వదిలారు. 1938 ఫ్లయింగ్ బోటులో నిలబడి చూడటానికి వదిలిన చోటు ఇన్నాళ్లకు మళ్లీ వచ్చింది. ఈ పథకానికి 'ప్రాజెక్ట్ సన్‌రైజ్' అని పేరు పెట్టారు, కేటలీనాల జ్ఞాపకంగా. ఇప్పటి ఒక్క మజిలీ ప్రయాణంతో పోలిస్తే నాలుగు గంటల దాకా ఆదా అవుతుందని కంపెనీ చెబుతోంది. ఆ నాలుగు గంటల్లో విమానం వేగం పెరగడం వల్ల వచ్చేది ఒక్క నిమిషం కూడా లేదు.